సన్యాసమ్మ కాళ్ళు, నూకరత్నం నడక

మా వార్డులో నన్ను అందరూ కసరత్తు మేడమ్ అంటారు. అమ్మానాన్నలు పెట్టిన వసంతలక్ష్మి అన్న పేరు మెడలో వేలాడే కార్డు మీద తప్ప ఎక్కడా వినబడదు. రక్తం కాన్సరుతో మంచాన పడ్డవాళ్ళ దగ్గరికి పొద్దున్నే వెళ్ళి, కాళ్ళు ఆడించమని, కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చోమని, సెలైన్ స్టాండు తోసుకుంటూ వరండా చివరిదాకా రమ్మని పోరు పెట్టడం నా ఉద్యోగం. నన్ను చూడగానే నిద్ర నటించేవాళ్ళున్నారు. రిటైరైన హెడ్మాస్టరు గారొకాయన దుప్పటి ముసుగులోంచే, "నేను ఇంట్లో లేనని చెప్పండి" అన్నారు.

నవ్వులాటకి చెబుతున్నాను గానీ ఆ పోరు వెనకాల నాకు భయం ఉంది. మందు జబ్బుని కొడితే మంచం మనిషిని కొడుతుంది. పడుకున్న కాళ్ళలో కండ ఎండాకాలం చెరువులా ఇంకిపోతుంది. తీరా మందు పనిచేసి రక్తం శుభ్రపడేసరికి, లేచి నిలబడే సత్తువ ఉండదు. మరీ ముఖ్యంగా రక్తకణాలు పడిపోయి, ఏ అంటూ సోకకుండా అద్దాల గదిలో ఉన్నవాళ్ళు. వాళ్ళకి చెయ్యి ఎత్తడమే కొండెక్కినంత పని. అలాంటివాళ్ళకి కసరత్తు చెప్పేటప్పుడు నా గొంతు నాకే కఠినంగా వినబడేది.

చక్రపాణిగారు మిషను పట్టుకొచ్చింది వాళ్ళ కోసమే. ఆయన మా ఆసుపత్రి వెనక ప్రయోగశాలలో పనిచేసే ఇంజనీరు. మాట తక్కువ, టీ ఎక్కువ. దానికి ఆయన ఇంగ్లీషులో బారెడు పేరు పెట్టారు. వార్డులో అందరికీ అది పట్టీల మిషనే. తొడల నుంచి మడమల దాకా తొడుక్కునే మెత్తటి పట్టీలు రెండు జతలు. ఒక జత నడిచే మనిషికి, ఒక జత మంచం మీద ఉన్న మనిషికి. ఇక్కడ అడుగు పడితే అక్కడ కండ బిగుస్తుంది, వదులవుతుంది. బయట ఒకరు నడుస్తుంటే లోపల ఇంకొకరి కాళ్ళకి నడిచిన పని దక్కుతుంది.

"కరెంటు పట్టీలు ఇదివరకే ఉన్నాయి కదండీ" అన్నాను మొదటిరోజు.

"అవి కండని ఎగరేస్తాయంతే. నరం దాన్ని తన పనిగా ఒప్పుకోదు. బాగా తెలిసిన మనిషి నడక పంపితే ఒప్పుకుంటుంది" అన్నారు చక్రపాణిగారు, అదేదో కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా.

ఆ మిషనుకి మొదట ఒప్పుకున్న మనిషి నూకరత్నం. గోపాలపట్నం దగ్గర ఆకుకూరలు పండించి అమ్ముకునే ఇంటి చిన్నకోడలు. ముప్పై అయిదు దాటి ఉండవు. మందు ఎక్కిస్తుంటే జుట్టు పోయింది, నోరు పూసింది, అయినా మాటలో మాత్రం పదును పోలేదు. "మేడమ్, నీ కసరత్తు కన్నా సూదే నయం, అది ఒకసారి గుచ్చి ఊరుకుంటాది" అనేది.

ఆమె తమ్ముడి ఎముకల్లోని మూలుగ ఆమెకి సరిపోయింది. మూలుగ మార్పిడి చేస్తే బతుకుతుందని మా పెద్ద డాక్టరు కామాక్షిగారి నమ్మకం. కానీ ఆవిడ ఒక షరతు పెట్టారు. వరండా ఈ చివర నుంచి మార్పిడి గది దాకా రోగి ఎవరి ఆసరా లేకుండా నడిచి రావాలి. ఆ మాత్రం సత్తువ లేని ఒంటికి ఆ వైద్యం చేస్తే, జబ్బు కన్నా ముందు వైద్యమే తీసుకుపోతుంది. నూకరత్నం ఆనాటికి మంచం మీద తనంతట తాను లేచి కూర్చోలేకపోతోంది.

ముందు ఆమె భర్త కనకరాజుకి పట్టీలు తొడిగాం. ఆటో నడుపుతాడు, నోట్లో నాలుక లేని మనిషి. వరండా అంతా నడిచాడు. మిషను తెర మీద ఇద్దరి గీతలూ కలిస్తేనే నడక అందినట్టు. అతని గీత ఒక దారి, ఆమె గీత ఇంకో దారి.

"ఇన్నేళ్ళు కాపరం చేసినాం కదా మేడమ్, కలవకపోడవేటి?" అన్నాడు చిన్నబుచ్చుకుని.

అద్దం అవతలి నుంచి స్పీకర్లో నూకరత్నం గొంతు వినిపించింది. "నువ్వెప్పుడు నాతో నడిచినావు? నువ్వు ముందు సీట్లో, నేను ఎనక సీట్లో."

తమ్ముడు నడిచాడు. కలవలేదు. చక్రపాణిగారు టీ చల్లారిపోతున్నా తాగకుండా తెర వంక చూస్తూ నిలబడ్డారు.

వరండా చివర కిటికీ దగ్గర రోజూ ఒకావిడ నిలబడేది. కారియర్ తెచ్చి నర్సుకిచ్చి, అద్దం దగ్గరికి రాకుండా, వెళ్ళకుండా, అలాగే నిలబడేది. సన్యాసమ్మ, ఆ ఇంటి పెద్దకోడలు. తోడికోడళ్ళిద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు. నూకరత్నం కూతురు పెద్దమనిషైనప్పుడు పీట మీద కూర్చోబెట్టి పసుపు రాయడానికి ముందు పెద్దకోడల్ని పిలవకుండా, ఎవరో మేనత్త వరస ఆవిడని పిలిచారట. అంతే, ఒక్క ఇంట్లో రెండు పొయ్యిలు లేచాయి.

"మీరూ ఒకసారి నడవండి" అన్నాను, ఆశ ఉండి కాదు, ఆవిణ్ణి కిటికీ దగ్గర నుంచి కదిలిద్దామని.

"నేనా? దానికి నా నీడే పడదు" అంది. అంటూనే చీర కుచ్చిళ్ళు ఎత్తి కాలు ముందుకి చాపింది.

ఆవిడ నాలుగడుగులు వేసేసరికి రెండు గీతలూ కలిసిపోయాయి. చక్రపాణిగారు మిషను చెడిందేమోనని రెండుసార్లు చూసుకున్నారు. చెడలేదు. కాపరానికి వచ్చిన మర్నాటి నుంచీ, పోట్లాడుకున్న నాటి దాకా, ఇద్దరూ గంపలు నెత్తిన పెట్టుకుని చీకటితో రైతుబజారుకి ఒకరి వెనక ఒకరు నడిచారు. ముందు సన్యాసమ్మ, ఆమె మడమలు చూసుకుంటూ వెనకాల నూకరత్నం. మనసులు విడిపోయిన సంగతి కాళ్ళకి ఎవరూ చెప్పలేదు కాబోలు.

మూడో మలుపు తిరిగేసరికి సన్యాసమ్మ గోడ పట్టుకుని కూలబడిపోయింది. నేను పరుగెత్తాను.

ఇందులో ఇంకో సంగతి ఉంది. పట్టీలు నడకని లోపలికి పంపినట్టే, లోపలి మనిషి అలుపుని బయటికి పంపుతాయి. చక్రపాణిగారు కావాలనే అలా కట్టారు. రోగి అలిసిపోతే నడిచేవాళ్ళ కాళ్ళు బరువెక్కుతాయి, కాళ్ళు బరువెక్కితే ఎవరైనా కూర్చుంటారు, కూర్చుంటే అక్కడ రోగికి విశ్రాంతి. అదే దాని బ్రేకు. రోగి చేతి దగ్గర కూడా ఒక మీట పెట్టారు, వద్దనుకుంటే నొక్కొచ్చు.

"భయపడకండి, అది మీ అలుపు కాదు. నూకరత్నం అలుపు మీకొస్తోంది" అని చెప్పాను.

సన్యాసమ్మ నేల మీద అలాగే కూర్చుని రెండు మోకాళ్ళూ చేతులతో తడుముకుంది. "ఇదంతా దానిదేనా" అంది. "ఒళ్ళంతా తడిసిన గోనెసంచిలాగున్నాదమ్మా. ఇంత నీరసం పెట్టుకుని ఇది నిన్న మొగుడితో అన్నన్ని మాటలెలగ ఆడింది?" అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపయ్యాక లేచి అద్దం దగ్గరికి వెళ్ళింది. మూడేళ్ళ తరవాత మొదటి మాట, "కారియర్లో సారు ఎందుకు వదిలేస్తన్నావే? ఉప్పు చాల్లేదా?"

"నోరు మండుతున్నాదక్కా" అంది నూకరత్నం. దాని తరవాత ఇద్దరూ చారు గురించే చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను అక్కడ పనేమీ లేకపోయినా నిలబడ్డాను.

ఆ రోజుల్లో నేను ఇంటికి వెళ్ళి మా ఆయనకి రోజూ ఇదే కథ. ఆయన వింటూనే బీరకాయ చెక్కేవారు. నూకరత్నం ఇవాళ తలగడ లేకుండా కూర్చుంది, ఇవాళ కాళ్ళు కిందికి వేలాడేసింది, ఇవాళ మంచం పట్టుకుని నిలబడి నన్ను తిట్టింది. జ్వరాలు తగ్గాయి. చప్పబడిన తొడల్లో మళ్ళీ కండ చేతికి తగిలింది. చక్రపాణిగారు ఒకరోజు నాకు టీ ఇచ్చారు. ఆయన దగ్గర అది పద్మశ్రీ లాంటిది.

ఆసుపత్రి వరండాలో నడవడం సన్యాసమ్మకి నచ్చలేదు. "నెత్తిన గంప లేకపోతే నాకు నడక రాదమ్మా. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీదు" అనేది. నిజంగానే గంపతో నడిచినప్పుడు గీతలు ఇంకా బాగా కలిశాయి. అందుకని పట్టీలు ఇంటికిచ్చాం. నడుముకి ఒక చిన్న పెట్టె, తడిసినా చెడదు, ఫోనులాగే ఎంత దూరం నుంచైనా కబురు పంపుతుంది. ఇంటి నుంచి బజారు దాకా మాత్రమే, ఆ తరవాత విప్పెయ్యాలి అని మరీ మరీ చెప్పాను.

"ఎంత దూరమెళ్ళినా అందుతాదా?" అని అడిగింది.

"ఊరు చుట్టొచ్చినా అందుతుంది" అన్నాను గర్వంగా. మిషన్ల గురించి నేను గొప్ప చెప్పుకునే అవకాశం తక్కువ.

ఆవిడ మనిషి తగ్గిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. పట్టీలు విప్పాక కూడా కాళ్ళ బరువు దిగేది కాదు. వచ్చి వరండా బల్ల మీద వాలిపోయేది. నూకరత్నం లోపలి నుంచి, "అక్కా, నీకేటీ ఇబ్బంది లేదు కదా?" అని అడిగితే మాత్రం నిటారుగా కూర్చుని, "నాకేటే, షికారుకెళ్ళినట్టున్నాది" అనేది. నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "దానికి చెప్పకమ్మా. తెలిస్తే మానిపించేస్తాది" అనేది. నేను చెప్పలేదు. చెప్పి ఉంటే ఆషాఢ చతుర్దశి రోజు అంత పని జరిగేది కాదు.

ఆ రోజు సింహాచలం గిరిప్రదక్షిణ. కొండ కింద తొలిపావంచా అనే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ, సగం విశాఖపట్నం చుట్టూ, ఉత్తకాళ్ళతో జనం నడుస్తారు. దారంతా నీళ్ళు, మజ్జిగ, పులిహోర పొట్లాలు. మా ఆసుపత్రికి సగం మంది నర్సులు సెలవు పెట్టేస్తారు. సన్యాసమ్మ పొద్దున బజారుకి వెళ్ళుంటుందని, నేను తీరిగ్గా వార్డు పని చూసుకుని పదకొండు దాటాక అద్దాల గదికి వెళ్ళాను.

నూకరత్నం కళ్ళు మూసుకుని ఉంది. దుప్పటి కింద కాళ్ళు బిగుస్తున్నాయి, వదులవుతున్నాయి. ఆ వేళకి ఆగిపోయి ఉండాల్సింది. దుప్పటి తీసి చూస్తే పిక్కల మీద ఊదారంగు మచ్చలు. ఆమె రక్తాన్ని గడ్డకట్టించే కణాలు ఆ వారం బాగా తక్కువగా ఉన్నాయి. ఒత్తిడికి కండలోకి నెత్తురు దిగుతోంది. గుండె పరుగెడుతోంది. మీట మాత్రం ఆమె చేతికి అందేంత దగ్గరలో, ముట్టుకోకుండా ఉంది.

"ఎప్పట్నుంచి నడుస్తోంది?" అన్నాను.

"తెల్లారి నుంచి" అంది కళ్ళు తెరవకుండా. "మొదట కాసేపు నిలబడింది. వంగింది, లేచింది. కొబ్బరికాయ కొట్టింది మేడమ్. నాకు తెలిసిపోయింది, అక్క నా పేరున కొండ చుట్టొస్తన్నాది."

"మీట నొక్కలేదేం?"

"మొక్కు మజ్జిలో ఆపితే అక్కకి మంచిది కాదు. నేను నొక్కను."

నేను చక్రపాణిగారికి ఫోన్ చేశాను. పట్టీలు విప్పెయ్యనా అంటే ఆయన గట్టిగా ఆపారు. "వద్దండీ. ఇంత సేపు నడిచాక నూకరత్నం గుండె సన్యాసమ్మ నడక వేగానికి అలవాటు పడిపోయి ఉంటుంది. విప్పినా, మీట నొక్కినా ఒక్కసారిగా తెగిపోతుంది, గుండె తడబడుతుంది. ముందు ఆవిడ నెమ్మదించాలి, ఆగాలి. అప్పుడు విప్పాలి."

"మీ తెర మీద తగ్గించే మర ఏదీ లేదా?"

"నడిచే మనిషే ఆ మర" అన్నారు. మళ్ళీ ఆయనే, "కాళ్ళు అంత బరువెక్కాక ఎవరైనా కూర్చుంటారనుకున్నానండీ" అన్నారు.

"మీరెప్పుడూ మొక్కుకోలేదా?"

"పరీక్షలప్పుడు ఒక కొబ్బరికాయ."

"మొక్కు తీర్చేటప్పుడు కాళ్ళు నొప్పెడితే కూర్చోరండీ. ఇంకా గట్టిగా నడుస్తారు."

సన్యాసమ్మ దగ్గర ఫోన్ లేదు. లక్షల జనంలో ఆవిణ్ణి ఎక్కడని వెతకడం? కామాక్షిగారు గదిలోకి వచ్చి రక్తం సంచి తగిలిస్తున్నారు. నేను నూకరత్నం పక్కన కూర్చుని నిజం చెప్పేశాను. నీ అలుపంతా ఆవిడకి తెలుస్తోందనీ, ఇన్నాళ్ళూ నీ దగ్గర దాచిందనీ, ఇప్పుడు ఆవిడ నీ నీరసాన్ని మోసుకుంటూ అంత దూరం నడుస్తోందనీ. నూకరత్నం కళ్ళు తెరిచింది. మచ్చలు చూసినప్పుడు కూడా రాని భయం అప్పుడు ఆ కళ్ళలోకి వచ్చింది.

"షికారుకెళ్ళినట్టున్నాదని చెప్పీది కదా" అంది.

"ఎక్కడుందో చెప్పగలవా?"

ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది. "ఇందాకటి దాకా దిగుడు దారి. హనుమంతవాక దాటీసుంటాది. ఇప్పుడు... కాలు దిగబడతన్నాది మేడమ్. ఇసక." దుప్పటి అంచు పట్టుకుని, "లాగుతున్నాది. అల" అంది.

జోడుగుళ్ళపాలెం. ప్రదక్షిణలో జనం సముద్రస్నానం చేసే చోటు. కనకరాజు కిందే ఉన్నాడు. పెద్దరోడ్లన్నీ జనం కోసం మూసేశారు. అతను నన్ను ఎక్కించుకుని ఏ సందులోంచి ఏ సందులోకి తిప్పాడో నాకు తెలీదు. ఆరేసిన బట్టల కింది నుంచి, ఒకరి వాకిట్లో ముగ్గు మీద నుంచి కూడా పోయాం. మాట రాని మనిషి ఆటో హారన్ మాత్రం ఏడుపు గొంతుతో మోగించాడు.

సముద్రం దగ్గర తల తడిసిన వేల మంది. ఆవిణ్ణి నేను చూడలేదు, కనకరాజే చూశాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళిద్దరు చెరో రెక్కా పట్టుకుని ఉన్నారు. సన్యాసమ్మ మొహం బూడిదరంగులో ఉంది. నీళ్ళోడుతున్న చీరతో, ఒక కాలు తరవాత ఒక కాలు, పాతిన గుంజని పీకుతున్నట్టు పైకి తీస్తూ నడుస్తోంది.

"సన్యాసమ్మా, ఆగండి. నెమ్మదిగా ఆగండి" అన్నాను.

నన్ను చూసి నవ్వింది. "సగం దాటీసినానమ్మా. దాని నీరసం నాలోకొచ్చేస్తాదన్నావు కదా. రోజూ చారెడు చారెడు తీస్తే ఎప్పటికవుతాదని, ఇవాళ దేవుడి పేరు చెప్పి మొత్తం లాగేస్తన్నాను. చూడు, ఎంత బరువొచ్చిందో. దానికెంత తేలికయిందో."

అలుపు ఇక్కడికి రావడమంటే అక్కడ తరిగిపోవడం అనుకుంది. దిష్టి తీసి పారబోసినట్టు, జబ్బుని కాళ్ళలోకి లాగి సముద్రంలో కలిపేద్దామనుకుంది. ఇవతల బరువు పెరిగిందంటే అవతల మనిషి నలిగిపోతోందని ఆవిడకి నేను ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు. అప్పుడు చెప్పాను. మచ్చల సంగతి, రక్తం సంగతి, అన్నీ.

ఆవిడ అడుగు తడబడింది గానీ ఆగలేదు. "మజ్జిలో ఆపితే దానికేటవుద్దో" అంది. ఆపినా భయం, ఆపకపోయినా భయం. ఆ రెంటి మధ్య కాలు ముందుకి పడక, ఆగక, ఒక్కచోటే అడుగులు వేస్తోంది.

కనకరాజు వచ్చి, "వదినా, మిగతాది నేను నడుస్తాను" అన్నాడు. "నీ నడక దానికి పనికిరాలేదు కదరా" అంది ఆవిడ, ప్రేమగానే.

నేను వార్డుకి ఫోన్ కలిపి ఆవిడ చెవి దగ్గర పెట్టాను. నూకరత్నం గొంతు నాకూ వినబడుతోంది, సన్నగా, అలల చప్పుడులో.

"అక్కా, నువ్వు ఇసకలో ఉన్నావు."

"ఉన్నానే."

"నా పేరున మొక్కుకున్నావు కదా. సగం నువ్వు నడిచీసినావు. మిగతా సగం నాకుంచక్కా. నేను నడుస్తాను."

సన్యాసమ్మ నా చేతిని ఫోన్‌తో సహా చెవికి అదుముకుంది.

"నాకు చెయ్యడానికి ఏదో ఒకటి మిగల్చకుండా అన్నీ నువ్వే చేసేస్తే, నేను లేచి ఏం చెయ్యను?"

సన్యాసమ్మ అడుగు చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. ఇద్దరాడవాళ్ళ భుజాల మీద నుంచి నెమ్మదిగా జారి, అల అంచున కూర్చుంది. వార్డు నుంచి కామాక్షిగారు ఫోన్లో, గుండె వేగం దిగుతోంది, నిదానంగా దిగుతోంది, ఇంకొంచెం, అని చెబుతూ వచ్చారు. చివరికి "విప్పండి" అన్నారు. నేను ఆవిడ కాళ్ళ నుంచి తడి పట్టీలు విప్పాను. అవతల నర్సు నూకరత్నం పట్టీలు విప్పింది.

తరవాత మంచి రోజులు కావు. పిక్కల్లో దిగిన నెత్తురుకి నూకరత్నానికి జ్వరం వచ్చింది. కొన్నాళ్ళు ఆమె మంచం మీద పక్కకి కూడా తిరగలేకపోయింది. సన్యాసమ్మని కింది అంతస్తులో పడుకోబెట్టి చూశాం. మిషను బీరువాలోకి వెళ్ళింది. చక్రపాణిగారు ప్రయోగశాల తలుపేసుకున్నారు. నేను వెళ్ళి తట్టాను.

"అలుపు తెలిస్తే ఆగుతారనుకున్నాను. ఇష్టం ఉన్నవాళ్ళ అలుపు తెలిస్తే ఆగరని అనుకోలేదు" అన్నారు. ఆయన బ్రేకు అనుకున్నది ఇష్టం ఉన్న మనిషిని ఇంకా ముందుకే తోస్తుందని మాకెవరికీ ముందు తెలీదు. ఈసారి టీ నేనే పెట్టాను.

ఇంక మిగిలింది నా పాత కసరత్తే. కాలి బొటనవేలు కదిలించడం, మడమ తిప్పడం, మోకాలు మడవడం. మిషను మీద సగం కొండ చుట్టొచ్చిన కాళ్ళకి అది చిన్నతనంగా ఉండేది. "ఇదేటి మేడమ్, పసిపిల్లల ఆట" అనేది నూకరత్నం. కోపంతోనే చేసేది. ఆ కోపంతో కదిలేవి తన కాళ్ళే కాబట్టి నాకు అదీ ముద్దుగానే ఉండేది.

సన్యాసమ్మ లేచాక మళ్ళీ అద్దం దగ్గరికి వచ్చింది. పట్టీలు లేవు. కుర్చీ వేసుకుని అద్దానికి ఇవతల కూర్చుని, నేను లోపల ఏం చేయిస్తే తనూ బయట అదే చేసేది. "మీరెందుకు చేస్తున్నారు, అందదు కదా" అన్నాను. "ఊరికే కూచుంటే తోచదమ్మా" అంది. పోను పోను వరండాలో మిగతా రోగుల చుట్టాలు కూడా కుర్చీలు లాక్కుని కాళ్ళు ఊపడం మొదలెట్టారు. హెడ్మాస్టరు గారి భార్య అయితే ఆయన కన్నా బాగా చేసేది. ఆయన అది సహించలేక దుప్పటి తీసేశారు.

వాన తగ్గి ఎండ పొడిచిన ఒక పొద్దున కామాక్షిగారు వరండా ఖాళీ చేయించారు. నూకరత్నం మాస్కు కట్టుకుని, మంచం అంచు వదిలింది. గది గుమ్మం దగ్గర ఒకసారి ఆగింది. నేను పక్కనే ఉన్నాను గానీ చెయ్యి వేయలేదు. నా రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను, పొరపాటున కూడా ముందుకి పోకుండా.

నడిచింది. మిషను రోజుల్లో తెర మీద నేను చూసిన సన్యాసమ్మ నడక కాదు అది. పొట్టి అడుగులు, కొంచెం ఎడమకి వాలి, తొందరపడుతూ. ఇది ఈమెదన్నమాట అనుకున్నాను. మధ్యలో ఒకసారి ఊగింది. వరండా చివర ఉన్న సన్యాసమ్మ నోరు తెరిచి, మూసేసుకుంది. నూకరత్నం నిలదొక్కుకుని, మార్పిడి గది తలుపు దాకా వచ్చి, అక్కడి గోడ మీద అరిచెయ్యి ఆన్చింది. కామాక్షిగారు తల ఊపారు.

తలుపు మూసేముందు సన్యాసమ్మ దగ్గరికి వచ్చింది. దూరంగానే నిలబడాలి, నిలబడింది. తన కాళ్ళ వంక చూసుకుంది, మోకాళ్ళు తడుముకుంది. పట్టీలున్న రోజుల్లో నూకరత్నం ఎలా ఉందో ఆవిడ ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. డాక్టర్ల కన్నా ముందు ఆవిడ పిక్కలకి తెలిసేది.

"నాకేటీ తెలీట్లేదమ్మా" అంది నాతో, దారి తప్పిన మనిషిలా. తరవాత తోడికోడలి వైపు తిరిగి, అందరూ అడిగినట్టే అడిగింది. "ఎలగున్నావే?"

బాగున్నానని మా అందరికీ చెప్పే జవాబు నూకరత్నం నోటి దాకా వచ్చిందనీ, దాన్ని మింగేసిందనీ మాస్కు మీది కళ్ళలో నాకు కనబడింది.

"భయమేస్తందక్కా. బాగా భయమేస్తంది."

సన్యాసమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని, పెద్దగా ఊపిరి వదిలింది. "నిజం చెప్పినావు. రోజూ ఇలగే చెప్పు" అంది, కళ్ళ నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా. "నాకూ భయంగానే ఉన్నాది. కాళ్ళు కూడా ఇంకా లాగుతున్నాయి. ఎళ్ళు, లోపలికెళ్ళు."

నూకరత్నం లోపలికి నడిచింది. నేను తలుపు మూసి, కుర్చీ తెచ్చి సన్యాసమ్మకి వేశాను.